బల్ల దగ్గర బయటపడే కులం

క్రైస్తవ ఆచారాలను ఉత్త తంతులని కొట్టిపారేసేవారిలో మతమే అక్కర్లేదనేవారూ ఉన్నారు, ఈస్టరుకు ముందు ఉపవాస దినాలైన శ్రమకాలం, అది మొదలయ్యే భస్మ బుధవారం బైబిలు వాక్యంలో ఎక్కడున్నాయని అడిగే స్వతంత్ర సంఘాలవారూ ఉన్నారు. మనసులో ఉన్నదే అసలైనదని, చేతులతో చేసేది పైపై వేషమని ఇద్దరూ నమ్ముతారు. నిజానికి మనసులో ఏముందో ఎవరూ చూడలేరు. నలుగురి ముందు చేసిన పనిని మాత్రం పట్టుకుని, దాని ప్రకారం నడుచుకోవేమని ఎవరైనా నిలదీయవచ్చు. ఆచారానికి నిజాయితీ వచ్చేది అక్కడే.

యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా, గుడ్‌ఫ్రైడే ముందురోజైన పవిత్ర గురువారం నాడు క్యాథలిక్ గుళ్లలో జరిగే పాదక్షాళనం చూడండి. పీఠం ముందు పన్నెండుమంది కూర్చుంటారు. గురువు నడుముకు తువాలు చుట్టుకుని, వంగి, ఒక్కొక్కరి పాదం మీద చెంబుతో నీళ్లు పోసి తుడుస్తారు. ఎంపికైన పెద్దలు ఇంటి దగ్గరే కాళ్లు తోముకుని వస్తారన్నది వేరే సంగతి. అయినా 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లోని బాలనేరస్థుల జైలులో అమ్మాయిల పాదాలు, ముస్లింల పాదాలు కూడా కడిగేసరికి, పురుషుల పాదాలే కడగాలన్న నియమం ఇరకాటంలో పడింది. 2016 జనవరిలో ఆ నియమాన్నే సవరించి స్త్రీలకూ చోటిచ్చారు.

ఆచారం అలవాటుగా మారి అర్థం ఇంకిపోతుందన్న అభ్యంతరంలో నిజం లేకపోలేదు. గుడ్‌ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగీకులు మైకు వదలకపోతే కూర్చున్నవారి అవస్థ అందరికీ తెలిసిందే. అది ప్రసంగీకుల దోషం, ఆచారానిది కాదు.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం, అంటే మనం బల్ల అనేది, ఇంతకంటే పదునైనది. తొలినాటి కొరింథు సంఘంలో కలిగినవారు ముందే తిని తాగి, లేనివారు ఆకలితో మిగిలిపోతుంటే, మీరు తినేది ప్రభు రాత్రి భోజనం కాదని అపొస్తలుడైన పౌలు తెగేసి రాశాడు. ఆయన తప్పుపట్టింది వారి ప్రార్థనను కాదు, పంక్తిని.

తెలుగు నేల మీద పంక్తి అంటే కులమే. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912లో దోర్నకల్ బిషప్ అయిన నాటికి మాలల బావి మాలలది, మాదిగల బావి మాదిగలది. అలాంటి చోట ఇరువురూ ఒకే గిన్నెను పెదవికి తాకించి ద్రాక్షారసం పుచ్చుకోవడం ఏ సిద్ధాంత బోధ కన్నా పెద్ద బోధ. నూరేళ్లు దాటినా ఒకే ఊళ్లో మాలలకొక గుడి, మాదిగలకొక గుడి ఉండటం, పెళ్లి మాట వచ్చేసరికి విశ్వాసి కుటుంబాలు సైతం ముందుగా కులమే అడగటం మనకు వింతగా తోచదు. తెలుగు క్రైస్తవుల్లో అత్యధికులు దళితులే అయినా, దళితుల నుంచి తొలి కార్డినల్‌గా, అంటే పోప్ తర్వాతి స్థాయి క్యాథలిక్ మతాధికారిగా, పూల ఆంథోనీని చూడటానికి 2022 దాకా ఆగవలసి వచ్చింది.

బల్ల ఇచ్చేటప్పుడు మన పాస్టర్లు సాధారణంగా చదివేది మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయమే, అదీ 23వ వచనం నుంచి. పంక్తి గొడవ ఉన్నది 17 నుంచి 22 వరకు. అక్కడి నుంచి చదవమని సంఘస్థులే పట్టుబట్టాలి, చదివాక గిన్నె ఏ వరుస నుంచి మొదలవుతుందో కూడా చూడాలి.