బొమ్మలో లేని డెక్కు

మొన్న దీపావళి వేలంలో మా సంఘం వాళ్లు పాతకాలపు స్టీమరు పోస్టరు నకలొకటి పెట్టారు. పొగగొట్టాలు, అద్దంలాంటి సముద్రం, రెయిలింగు దగ్గర గొడుగు పట్టుకున్న దొరసాని. పాట బాగానే పలికింది. కొన్నవారితో నాకు తగువు లేదు గానీ, దాన్ని గోడకు అందమని మాత్రమే చూడటంతో ఉంది.

1842 జనవరిలో చార్లెస్ డికెన్స్ భార్యతో కలిసి లివర్‌పూల్‌లో క్యూనార్డ్ కంపెనీ వారి బ్రిటానియా స్టీమరు ఎక్కాడు. అంతకుముందే లండన్‌లో ఏజెంటు ఆఫీసు గోడకున్న ఓడ బొమ్మ చూసి మురిసిపోయాడు. అందులో అంతు కనిపించని హాలు, నవాబుల దర్జా, నవ్వుతూ తుళ్లుతూ దొరలూ దొరసానులూ. తీరా ఎక్కి చూస్తే ఆ హాలు కిటికీలు పెట్టిన శవాలబండిలా ఉందట! కేబిన్‌లో పరుపేమో పుండుమీద పట్టీ అంత. పెట్టెలు గుమ్మంలోనే పట్టలేదు. ఇదంతా తన అమెరికా యాత్ర పుస్తకంలో ఆయనే రాసుకున్నాడు. తిరుగు ప్రయాణానికి పొగ ఓడ జోలికి పోకుండా తెరచాప ఓడ ఎక్కాడు. మన సామెతలో ఏరు దాటాక బోడి మల్లయ్య అయ్యేది ఓడవాడు. ఇక్కడ టిక్కెట్టు కొన్నాక ప్రయాణికుడే బోడి మల్లయ్య.

అదీ డబ్బున్నవాడి సంగతి. 1850ల్లో ఇన్మన్ కంపెనీ పేద వలసదారులను కూడా స్టీమర్లకు ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ కాలపు పత్రికా ప్రకటనల్లో మూలగా చిన్న ఓడ బొమ్మ ఉండేది. చాలాసార్లు ఏ కంపెనీకైనా అదే బొమ్మ, అచ్చాఫీసులో ఉన్న దిమ్మ అదే కాబట్టి. కింద తేదీలు, ఛార్జీలు. ఇంకా కింద చీమల బారులాంటి అక్షరాల్లో ఓడ అడుగు అంతస్తు వాళ్లకు ఒక మాట: పరుపు, పళ్లెం మీరే తెచ్చుకోవాలి. పోస్టరులోని దొరసాని సరదా తీరింది చాలావరకు వీళ్లు కట్టిన ఛార్జీల మీదే.

మనవాళ్లకు ఆ చీమల అక్షరాలు కూడా దక్కలేదు. 19వ శతాబ్దం రెండో సగంలో కాకినాడ, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూను) పోయిన కూలీలు డెక్కు ప్రయాణికులు. కింద చెక్క, పైన ఆకాశం. చదువురానివాడికి పోస్టరెందుకు? కూలీలను పోగుచేసే మేస్త్రీ నోరే పోస్టరు. చేతిలో అడ్వాన్సు పెట్టి, అదే అప్పుగా రాసుకుని తీసుకుపోయేవాడు. కోరంగి రేవు పేరుమీద బర్మాలో వాళ్లను కోరంగీలన్నారు. మేస్త్రీ ఊళ్లో ఏమేం చెప్పి ఎక్కించాడో అచ్చు కాలేదు. అందుకే వేలంలో పెట్టడానికి మన దగ్గర ఏ బొమ్మా లేదు.

వచ్చే దీపావళి వేలానికి నేనూ ఒక నకలు ఇస్తున్నాను. పరుపు, పళ్లెం తెచ్చుకొమ్మన్న ఆ చిన్న ప్రకటన, ఫ్రేము కట్టించి. రంగుల్లేవు, దొరసాని లేదు. పాట నేనే పది డాలర్లతో మొదలుపెడతాను.