‘మగాళ్లకు ఉన్నట్టే మాకూ ఓటు’ అంటే, ఏ ఆడాళ్లకు?

బ్రిటన్‌లో ఆడవాళ్ల ఓటు ఉద్యమం అనగానే మనకి గుర్తొచ్చే కథ చాలా సింపుల్‌గా ఉంటుంది, పెద్ద టోపీలు పెట్టుకున్న ఆడవాళ్లు కమ్మీలకి గొలుసులేసి కట్టేసుకున్నారు, షాపుల అద్దాలు పగలగొట్టారు, జైల్లో అన్నం మానేసారు, 1918లో ఓటు వచ్చింది, అయిపోయింది. నాకైతే ఇందులో అన్నిటికంటే విచిత్రంగా అనిపించేది వాళ్ల స్లోగనే. మగాళ్లకి ఏ షరతుల మీద ఓటు ఉందో అవే షరతుల మీద మాకూ ఇవ్వండి, అదీ డిమాండు. వినడానికి ఎంత న్యాయంగా ఉంది, ఎవరు కాదంటారు?

కానీ ఆ షరతులేంటో ఒకసారి చూడాలి. 1884 చట్టం తర్వాత కూడా అక్కడ పెద్దవాళ్లైన మగాళ్లలో సుమారు 60 శాతం మందికే ఓటుండేది. సొంతిల్లో అద్దిల్లో తన పేరు మీద ఉండాలి, లేదంటే ఏడాదికి కనీసం 10 పౌండ్లు చేసే గదిలో అద్దెకుండాలి, అమ్మానాన్నల ఇంట్లో ఉండే కొడుక్కి లేదు, యజమాని ఇంట్లోనే పడుకునే నౌకరుకి లేదు. ఇప్పుడు అవే షరతులు ఆడవాళ్లకి పెట్టండి. ఇల్లు మొగుడి పేరు మీద ఉంటుంది కాబట్టి పెళ్లైన ఆవిడకి రాదు. పనిమనిషికి రాదు. మిల్లులో పనిచేస్తూ అమ్మ దగ్గరే ఉండే అమ్మాయికి రాదు. ఇంక మిగిలేది ఎవరంటే ఇల్లూ వాకిలీ ఉన్న వితంతువులు, పెళ్లి చేసుకోని కలిగిన వాళ్లు. అందుకే లేబర్ వాళ్లు దీన్ని ఆడవాళ్లకి ఓటు కాదు, దొరసానులకి ఓటు అని వెక్కిరించేవాళ్లు. క్రూ ఊళ్లో బట్టలు కుట్టిన అనుభవం ఉన్న ఏడా నీల్డ్ చ్యూ 1904-05లో పత్రికల్లో గట్టిగా వాదించింది ఇదే, ఉన్నవాళ్ల ఆడవాళ్లు మొత్తం ఓటర్లైపోతారు, కష్టం చేసే ఆడవాళ్లు మాత్రం ఎక్కడున్నారో అక్కడే ఉంటారు అని.

అవతలి వైపు కూడా వాదన లేకపోలేదు. ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తన బ్రాంచీల చేత లెక్క తీయించి, ఈ షరతుల మీద ఓటొచ్చే ఆడవాళ్లలో 82 శాతం దాకా పనిచేసుకుని బతికేవాళ్లే ఉంటారని చెప్పింది. ఆ లెక్కని అప్పట్లోనే చాలామంది నమ్మలేదనుకోండి.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే కూలోళ్ల అనుమానం గాల్లోంచి పుట్టలేదు. 1832లో మగాళ్ల విషయంలోనే ఇది ఒకసారి జరిగిపోయింది. ఓటు హక్కు పెంచే రిఫార్మ్ బిల్లు కోసం మిడిల్ క్లాస్ వాళ్లు, చేతిపనుల వాళ్లు కలిసి ఊరేగింపులు చేసారు, జనం లేకపోతే లార్డులు దిగొచ్చేవాళ్లే కాదు, తీరా చట్టం వచ్చాక చూస్తే పట్టణాల్లో 10 పౌండ్ల ఇల్లు ఉన్నవాడికే ఓటు. షాపు ఓనరు లోపలికెళ్లాడు, ఆ షాపులో పనిచేసేవాడు బయటే నిలబడ్డాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. పైగా రెండేళ్లు తిరక్కుండానే ఆ కొత్త పార్లమెంటే పేదల చట్టం తెచ్చి, గతిలేని వాళ్లని, పని చేయించుకుని తిండి పెట్టే వర్క్‌హౌస్‌ల్లోకి తోసింది. ఆ మంటలోంచే 1838లో మగాళ్లందరికీ ఓటు కావాలనే చార్టిస్టులు పుట్టుకొచ్చారు, 1842లో వాళ్ల అర్జీ మీద 33 లక్షల సంతకాలు పడ్డాయి, పార్లమెంటు దాన్ని కూడా కొట్టేసింది. ముందు మాకు రానివ్వండి, మేం లోపలికెళ్లి మీకు తలుపు తీస్తాం అనే మాట మీద అక్కడి కూలి జనానికి నమ్మకం ఎందుకు పోయిందో తెలియాలంటే ఈ 1832 సంగతి తెలియాలి.

సరే, ఆడవాళ్ల దగ్గరికి వద్దాం. అసలు ఉద్యమం దొరసానులతోనే మొదలైందన్నది కూడా సగం నిజమే. పాంక్‌హర్స్ట్‌లు, అంటే ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్, ఆవిడ కూతుళ్లు, మాంచెస్టర్‌లో తమ సఫ్రజెట్ సంఘం పెట్టింది 1903 అక్టోబర్‌లో, అంతకుముందే 1900 మే 1న లాంకషైర్ నూలు మిల్లుల గేట్ల దగ్గర అర్జీ మీద సంతకాలు సేకరించడం మొదలైంది, ఏడాది తిరిగేసరికి 29,359 మంది మిల్లు ఆడవాళ్ల సంతకాలు పార్లమెంటుకి వెళ్లాయి. షిఫ్టు వదిలేవేళకి గేటు దగ్గర నిలబడి, అలిసిపోయి ఇంటికి పరిగెత్తే ఆడమనిషిని ఆపి రెండు నిమిషాల్లో విషయం చెప్పి సంతకం పెట్టించడం, అదీ పని. వీళ్లకి ఓటు అంటే గౌరవ చిహ్నం కాదు, అదొక పనిముట్టు. కూలి రేటు, పని గంటలు, పిల్లలకి పాలు, ఇవన్నీ చట్టాల్లోంచి వస్తున్నాయి, చట్టం చేసేవాడికి మన ఓటుతో పని లేకపోతే మన మాట ఎందుకు వింటాడు అనే లెక్క. మిడిల్ క్లాస్ ఆవిడకి మండింది వేరే చోట. నా తోటమాలికి ఓటుంది, నాకు లేదు. రెండూ నిజమైన బాధలే, కానీ ఒకటే బాధ కాదు. ఒకావిడ తోటమాలి పక్కన నిలబడితే చాలు అనుకుంటుంది, ఇంకో ఆవిడ ఆ తోటమాలి పెళ్లాం.

ఆనీ కెన్నీ సంగతే చూడండి. ఓల్డమ్ దగ్గర పల్లె, పదేళ్లకే సగం రోజు బడి సగం రోజు మిల్లు, యంత్రంలో పడి ఒక వేలు పోయింది. 1905 అక్టోబర్‌లో ఎమ్మెలిన్ పెద్ద కూతురు క్రిస్టబెల్ పాంక్‌హర్స్ట్‌తో కలిసి మాంచెస్టర్ సభలో లేచి ఆడవాళ్లకి ఓటిస్తారా అని అడిగి జైలుకెళ్లింది, పేపర్లన్నీ మారుమోగాయి. ఆ తర్వాత సంఘం ఆమెని మిల్లు అమ్మాయిగానే, తల మీద శాలువా కాళ్లకి చెక్క చెప్పులతో జనానికి చూపించింది. ఆనీ కష్టపడి చాలా పైకొచ్చింది, కాదనను, కానీ సంఘం డిమాండేంటి, పంథా ఏంటి అనేవి నిర్ణయించే చోట మిల్లు గొంతు వినపడిందా అంటే లేదనే చెప్పాలి. మన దగ్గర ధర్నాల్లో చూస్తూనే ఉంటాం కదా, ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు ముందు వరసలో ఎండకి కూర్చుంటారు, మైకు మాత్రం టెంటు కింద తిరుగుతూ ఉంటుంది.

హానా మిచెల్ అని ఇంకో ఆవిడ. బడికెళ్లింది మొత్తం రెండు వారాలు. ఆవిడ రాసుకున్న మాట ఒకటి నాకు మనసులో ఉండిపోయింది, మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య దొరికే టైములో ఏ ఉద్యమమూ గెలవదు, పెళ్లైన మేమంతా ఒక చెయ్యి వెనక్కి కట్టేసుకుని పోరాడాం అని. ఈవిడకి కోపం రెండు వైపులా ఉంది. స్వేచ్ఛ గురించి గంటలు గంటలు మాట్లాడే సోషలిస్టు కుర్రాళ్లు ఆదివారం ఇంటికొస్తే భోజనం, కేకులు, పైలు అన్నీ వేడివేడిగా ఉండాలి, ఆ విషయంలో వాళ్లకీ పాతకాలం మగాళ్లకీ తేడా ఏం లేదంది. అదే హానా ఆరోగ్యం పాడై మంచాన పడితే, పాంక్‌హర్స్ట్‌లు ఒక్క ఉత్తరం ముక్క కూడా రాయలేదని నొచ్చుకుంది. పట్టించుకున్నది అదే సంఘంలో ఉన్న షార్లెట్ డెస్పార్డ్. 1907లో సంఘంలో ఎన్నికలూ ఓటింగులూ అక్కర్లేదని ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ పెత్తనం తీసుకుంటే (ఓటు కోసం పెట్టిన సంఘంలో ఓటింగు వద్దనడం ఏంటో) డెస్పార్డ్ వాళ్లు విడిపోయి వేరే సంఘం పెట్టుకున్నారు, హానా అందులో చేరింది.

జైలు విషయానికొస్తే క్లాసు తేడా అంటే ఏంటో కొలిచి చూపించినట్టు ఉంటుంది. లేడీ కాన్‌స్టన్స్ లిటన్, మన ఇండియాకి వైస్రాయ్‌గా చేసిన లిటన్ కూతురు. ఆ పేరు మనకి తెలుసు, రాయలసీమలో ధాత కరువుకి జనం రాలిపోతున్నప్పుడు 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపించిన మనిషి, అప్పటికి ఈ అమ్మాయికి ఏడేళ్లు. 1909 అక్టోబర్‌లో న్యూకాసిల్‌లో రాయి విసిరి జైలుకెళ్లి అన్నం మానేస్తే డాక్టర్లొచ్చి గుండె పరీక్ష చేసి, అమ్మో గుండె బలహీనం అని రెండ్రోజుల్లో వదిలేసారు. తోటి ఖైదీలకి మాత్రం బలవంతంగా తిండి పొయ్యడానికి గొట్టాలు దించారు. ఆవిడకి అర్థమైపోయింది. 1910 జనవరిలో జుట్టు కత్తిరించుకుని, చవక కళ్లజోడు, మోటు టోపీ, మోటు కోటు కొనుక్కుని, బట్టలు కుట్టుకునే జేన్ వార్టన్ అని పేరు పెట్టుకుని లివర్‌పూల్‌లో మళ్లీ అరెస్టయింది. చూడ్డానికి బాగోని వాళ్లని జైల్లోనూ బయటా ఎవరూ లెక్కచెయ్యరని గమనించి, కావాలనే ఆ వేషం వేసింది. ఈసారి గుండె చూసినవాడు లేడు. ఎనిమిదిసార్లు బలవంతంగా గొట్టంతో పోసారు, మొదటిసారి అయ్యాక డాక్టరు చెంప మీద కొట్టి వెళ్లాడు. అదే మనిషి, అదే గుండె, మధ్యలో గడిచింది మూడు నెలలే. 1912లో ఆవిడకి పక్షవాతం వచ్చింది.

లిటన్ చేసింది గొప్ప పనే, అందులో అనుమానం లేదు. కానీ ఈ కథలో నన్ను గుచ్చేది ఇంకోటి, జేన్ వార్టన్‌కి జరిగింది తప్పని పేపర్లకెక్కింది ఆవిడ జేన్ వార్టన్ కాదని తెలిసాకే. నిజంగా బట్టలు కుట్టుకునే ఆవిడ అయ్యుంటే?

చివరికి విడిపోవడం ఇంట్లోనే జరిగింది. ఎమ్మెలిన్ రెండో కూతురు సిల్వియా 1912లో లండన్ తూర్పు వైపు ఈస్ట్ ఎండ్ అనే పేదల పేటల్లో, బో రోడ్డులో పాత బేకరీ కొట్టు తీసుకుని దాని ముందు బంగారు రంగులో ఆడవాళ్లకి ఓటు అని రాసి ఆఫీసు పెట్టింది. ఆ బో పేట మామూలు పేట కాదు, 1888లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిలు సమ్మె చేసింది అక్కడే, వాళ్ల కోసం కలం పట్టింది మన మదనపల్లె కాలేజీ పెట్టించిన ఆనీ బెసెంటే. 1912 నవంబర్‌లో అక్కడి ఎంపీ జార్జ్ లాన్స్‌బరీ ఆడవాళ్ల ఓటు మీదే సీటుకి రాజీనామా చేసి మళ్లీ నిలబడ్డాడు. గెలవాల్సిన ఎన్నిక. సఫ్రజెట్ సంఘం దగ్గర ఓటర్లని తీసుకెళ్లే కార్లున్నాయి, లేబర్ ఏజెంటు దగ్గర ఓటర్ల జాబితా ఉంది, మగాళ్ల కింద మేం పనిచెయ్యం అని వీళ్లు, కార్లు మా చేతికిస్తేనే అని వాళ్లు, పోలింగ్ రోజున ఆ పంతం మీదే కాలం గడిచిందని సిల్వియా తర్వాత రాసింది. 751 ఓట్లతో ఓడిపోయాడు. కార్లొక్కటే కారణం అనను, అక్కడి మగ ఓటర్లకి కూడా ఈ విషయం అంత పట్టలేదు.

1914 జనవరిలో క్రిస్టబెల్ అక్క పారిస్ నుంచి కబురు పెట్టింది. అరెస్టు తప్పించుకుని అక్కడుంటోంది అప్పటికి. సిల్వియా వెళ్తే విషయం తేల్చేసింది, మీ ఈస్ట్ లండన్ బ్రాంచి ఇక మాతో ఉండక్కర్లేదు, వేరు కుంపటి పెట్టుకోండి. లేబర్ వాళ్లతో తిరగడం ఒక తప్పు, సొంత ఆలోచనలు ఉండటం ఇంకో తప్పు. కూలి ఆడవాళ్లు ఆడజాతిలో బలహీనమైన భాగం, వాళ్ల బతుకులు మరీ కష్టం, చదువు తక్కువ, మాకు ఏరి కోరి తీసుకున్న గట్టి మనుషులు కావాలి అని క్రిస్టబెల్ అన్నట్టు సిల్వియా రాసింది. ఒక వైపు మాటే కాబట్టి కాస్త తగ్గించి తీసుకోవచ్చు, కానీ ఆ తర్వాత జరిగినవన్నీ ఆ మాటకి తగ్గట్టే ఉన్నాయి.

బలహీనులన్నారు కదా, అదే ఏడాది జూన్‌లో సిల్వియా నిరాహార దీక్షతో జైలు నుంచి బయటికొచ్చి పార్లమెంటు గుమ్మం దగ్గర పడుకుంటే, ప్రధాని ఆస్క్విత్ దిగొచ్చి జూన్ 20న ఆరుగురు ఈస్ట్ ఎండ్ ఆడవాళ్లని కలిసాడు. అద్దాలు పగలగొట్టిన వాళ్లకి చాలాసార్లు మొహం చాటేసిన మనిషి. వాళ్లలో బ్రష్షులు చేసే మిసెస్ సావోయ్ తను చేసిన బ్రష్షు తీసి ఆయన ముందు పెట్టి, ఇది చేసి బతుకుతున్నాను, నాకు ఓటు లేదు అంది. డేజీ పార్సన్స్ అనే ఆవిడ సిగరెట్ ఫ్యాక్టరీలో మగాళ్లకి తినడానికి టైమిస్తారు, ఆడపిల్లలు మరుగుదొడ్డిలోకెళ్లి తినాలి అని చెప్పింది. వీళ్లు తోటమాలితో పోలిక తేలేదు, ఆస్తి షరతుతో ఓటూ అడగలేదు, పెద్దవాళ్లందరికీ కావాలన్నారు. మార్పు రాక తప్పకపోతే అది పూర్తి ప్రజాస్వామికంగానే ఉండాలని ఆస్క్విత్ నోటి నుంచి వచ్చింది. (ఈ మాట ఆయనకి సగం తప్పించుకునే దారి కూడా. అందరికీ ఓటు అనే పెద్ద మాట అడ్డం పెట్టి ఆడవాళ్ల ఓటుని వాయిదా వెయ్యడం లేబర్ మగాళ్లు కూడా చేసారు, క్రిస్టబెల్ కోపంలో ఆ ముక్క మాత్రం న్యాయమైనదే.)

ఆగస్టులో యుద్ధం వచ్చింది. తల్లీ, పెద్ద కూతురూ ఓటు పక్కన పెట్టి సైన్యంలో చేరండని మీటింగులు పెట్టారు, సిల్వియా వాళ్లు ఓల్డ్ ఫోర్డ్ రోడ్డులో అసలు ధరకే భోజనం పెట్టే హోటలు తెరిచారు, గన్‌మేకర్స్ ఆర్మ్స్ అనే సారా కొట్టుని పిల్లల్ని చూసుకునే కేంద్రం చేసి మదర్స్ ఆర్మ్స్ అని పేరు మార్చారు.

1918 ఫిబ్రవరి చట్టం చూస్తే అసలు గీత ఎక్కడ గీసారో తెలుస్తుంది. మగాళ్లకి 21 దాటితే చాలు, ఆస్తి షరతు పోయింది. ఆడవాళ్లకి 30 దాటాలి, పైగా తనో మొగుడో ఇంటి అద్దెదారుగానో ఓనరుగానో లెక్కలో ఉండాలి, లేకపోతే యూనివర్సిటీ డిగ్రీ ఉండాలి. 84 లక్షల మందికి వచ్చింది, చిన్న సంఖ్య కాదు. కానీ యుద్ధంలో మందుగుండు ఫ్యాక్టరీల్లో చేతులు పసుపెక్కి పనిచేసిన పాతికేళ్ల పిల్లకి లేదు, యజమాని ఇంట్లో ఉండే పనిమనిషికి 40 ఏళ్లొచ్చినా లేదు. మగాళ్లకున్న షరతులే మాకూ అని ఇన్నేళ్లు అడిగితే, మగాళ్ల షరతులు తీసేసి ఆడవాళ్లకి కొత్తవి పెట్టారు.

ఆ స్లోగన్ సముద్రం దాటి మన దగ్గరికీ వచ్చింది. 1917 డిసెంబర్‌లో సరోజినీ నాయుడు నాయకత్వాన మద్రాసులో బ్రిటిష్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాల మంత్రి మాంటేగుని కలిసిన ఆడవాళ్లూ మగాళ్లతో సమానమైన షరతుల మీదే ఓటడిగారు, 1921లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మద్రాసు కౌన్సిలు అందరికంటే ముందు ఒప్పుకుంది, అప్పటి ఆంధ్ర జిల్లాలన్నీ అందులోవే. పన్ను కట్టే ఆస్తి తన పేరు మీద ఉన్న ఆడమనిషి గుంటూరులో ఎంతమంది, కడపలో ఎంతమంది? 1930ల మొదట్లో మన మహిళా సంఘాలు ఆ మాట వదిలేసి వయోజనులందరికీ ఓటు కావాలన్నాయి, లండన్ ఒప్పుకోలేదు, 1935 చట్టంలో మళ్లీ ఆస్తి, చదువు, ఫలానావాడి భార్య అనే లెక్కలే పెట్టింది.

బ్రిటన్‌లో 21 దాటిన ఆడవాళ్లందరికీ ఓటిచ్చిన చట్టం 1928 జులై 2న వచ్చింది. ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ జూన్ 14న చనిపోయింది, 18 రోజుల ముందు. అప్పటికి ఆవిడ కన్సర్వేటివ్ పార్టీ అభ్యర్థి, నియోజకవర్గం వైట్‌చాపెల్, అంటే ఈస్ట్ ఎండే, సిల్వియా బేకరీ కొట్టుకి ఎంతో దూరం లేదు. జనంలో ఉండాలని వాపింగ్‌లో గది తీసుకుని, ఆ సందుల్లోనే ఓట్లడుగుతూ తిరిగింది.