సిమ్యులేటర్ సారుకు, మా మిల్లు ఎలుక తరఫున

మహారాజశ్రీ సిమ్యులేటర్ సారు గారి దివ్యసముఖానికి,

మిర్యాలగూడ దగ్గర ఒక ఉప్పుడు బియ్యం మిల్లుల కరెంటు పని, ఇన్‌స్ట్రుమెంట్ పని చూసుకునేటోడు నమస్కరించి రాయునది. ఉత్తరమన్నంక ఉభయకుశలోపరి అని మొదలువెట్టాలె. కానీ కుశలం మొత్తం మీ దిక్కే ఉన్నది. మీరు కంప్యూటర్ల నడిచే ఉత్తుత్తి మిల్లాయె, అసలు మిల్లు కంటె ముందు ప్రోగ్రాంను మీ మీదనే పరీక్ష చేస్తరాయె. మీ దగ్గర పంపును తిరుగుమంటే తిరుగుతది, వాల్వ్‌ను తెరువుమంటే తెరుచుకుంటది, గాలిని 90 డిగ్రీల కాడ ఉండుమంటే బుద్ధిమంతుని తీరుగ 90 కాడనే కూసుంటది. మా దిక్కు సంగతి వేరే ఉన్నది. అది చెప్పుకుందామనే ఈ ఉత్తరం.

మిమ్ముల నేను మొదటిసారి చూసింది పోయినేడు, హైదరాబాద్‌ల. మా సేటు డ్రయ్యర్లను, బాయిలర్‌ను కొత్తగ పీఎల్‌సీ మీదికి, అంటే మిషన్లను ప్రోగ్రాంతోని నడిపే కంప్యూటర్ మీదికి మారుస్తున్నడు. ప్యానెల్ చేసేటోళ్లు ‘ఫ్యాట్ ఉన్నది, వచ్చి చూసి సంతకం పెట్టుండ్రి’ అని ఫోన్ చేసిండ్రు. ఫ్యాట్ అంటే సేటు కొవ్వు అనుకున్నడు. సామాను ఫ్యాక్టరీ గడప దాటకముందు చేసే ఒప్పుకోలు పరీక్ష అని నేను చెప్తే నిమ్మళించిండు.

ఏసీ గది. గోడకు పెద్ద టీవీ. టీవీల మా మిల్లు. మా మిల్లును గంత సాఫ్‌గ నేను ఎన్నడు చూడలే. నీలం రంగు ట్యాంకులు, ఆకుపచ్చ మోటార్లు, యాడ చూసినా ఒక్క దుమ్ము కణం లేదు. ఇంజినీర్ పిల్లగాడు మౌస్ నొక్కిండు. వడ్లు ఎలివేటర్ ఎక్కినయి, ట్యాంకుల నానినయి, ఆవిరి పట్టింది, డ్రయ్యర్ల దిగినయి, తేమ 14 శాతానికి వచ్చింది, గోదాముకు పోయినయి. చాయ్ తాగేలోపల పని ఒడిసింది. నాలుగు పేజీల చెక్‌లిస్టు, వరుసకు ఒక టిక్కు. సేటు ముఖం చూడాలె మీరు, బిడ్డకు సర్కారు నౌకరి వచ్చినట్టు.

మా ఫిట్టర్ పెద్దన్న గూడ వచ్చిండు. ముప్పై ఏండ్ల సంది మిల్లులల్ల తిరిగిన మనిషి. టీవీ దగ్గరికి పోయి, చెవి వంచి, జరసేపు విని, ‘పిల్లగా, దీనికి సప్పుడు లేదేంది?’ అని అడిగిండు. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

మీ వడ్ల గురించి ఒకటి అడగాలె సారూ. అవి ఏ ఊరి వడ్లు? మట్టిపెల్ల లేదు, తాలు లేదు, గడ్డిపరక లేదు, సంచి కుట్టిన పురికొస లేదు. తేమ అన్ని గింజలకు ఒక్కటే. మాకు వచ్చేటివి యాసంగి వడ్లు. కోత మిషన్ కోసి నేరుగ ట్రాక్టర్ల పోస్తది. కొనుగోలు సెంటర్ల 17 శాతం తేమ దాటొద్దని రూలు, సరే. సెంటర్ మీద వాన పడొద్దని రూలు ఎవరు పెట్టలే. ఒకే లారీల పైసంచి కరకరలాడుతది, అడుగు సంచిని పిండితే నీళ్లు కారుతయి. ఎండలకు గింజ పగుళ్లువడతది గనుక యాసంగి వడ్లను పచ్చిబియ్యం పడితే నూక ఎక్కువైతది. అందుకే నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తం. ఆ బియ్యం కొంటరా కొనరా అని 2021, 2022ల ఢిల్లీకి, హైదరాబాద్‌కు ఎంత లొల్లి అయ్యిందో మీకు తెల్వదు. మీ గోదాము ఎన్నడు నిండదు గదా.

మొదటి రాత్రే ఎలివేటర్ మీ పరువు తీసింది. తెర మీద మోటారు ఆకుపచ్చగ నవ్వుతున్నది. నేను గూడ దాన్ని చూసి నవ్వుతున్న. బయట బీడీ తాగుతున్న పెద్దన్న ఉరికొచ్చి ‘బెల్టు జారుతున్నదిరా, ఆపు!’ అన్నడు. సప్పుడు మారిందట, రబ్బరు కాలిన వాసన గూడ వచ్చిందట. పోయి చూస్తే కింది గుంటల వడ్లు మోకాళ్ల లోతు. మోటారు తిరిగిన మాట నిజమే, బకెట్ల బెల్టు మాత్రం తిరగలే. మీ లెక్కల ‘స్టార్ట్’ అంటే రెండు సెకన్లకు ‘రన్నింగ్’ అని జవాబు వస్తది. ఆ జవాబు ఎవరిచ్చిండ్రు? మీరే. తానా అంటే తందానా.

ఈ రోగం మీ ఒక్కరిదే కాదు లెండి. 1979 మార్చి 28న అమెరికాల త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంల ప్రెషర్ వదిలే వాల్వ్ ఒకటి తెరుచుకొని మళ్ల మూసుకోలే. ప్యానెల్ మీద బల్బు మాత్రం ఆరింది. ఆ బల్బు చెప్పేది వాల్వ్ మూసుకున్నదని కాదు, మూసుకొమ్మని హుకుం పోయిందని. హుకుం పోతే పని అయినట్టే అనుకున్నరు ఆపరేటర్లు. రెండు గంటలకు పైగా నీళ్లు పోతనే ఉన్నయి, లోపలి ఇంధనం సగం దాకా కరిగింది. మాది అణు కేంద్రం కాదు, మాకు పోయింది నాలుగు గంటల పని, హమాలీల తిట్లు. కింది పుల్లీకి ఒక జీరో స్పీడ్ స్విచ్ పెట్టినం, నిజంగ తిరుగుతున్నదా అని అది చెప్తది. అయినా పెద్దన్న బీడీ అక్కడనే తాగుతడు.

ఇగ ఎలుక సంగతి.

మే నెల. రాత్రి రెండున్నర. కూలర్ నడుస్తనే ఉన్నది, నా బనీను తడిసి ఒంటికి అతుక్కున్నది. తెర మీద రెండో డ్రయ్యర్ వేడిగాలి టెంపరేచర్: మైనస్ 37.5. కండ్లు నలుపుకొని మళ్ల చూసిన. మైనస్ 37.5 డిగ్రీలే. మిర్యాలగూడల, మే నెలల, హిమాలయాలు నడుచుకుంట వచ్చి మా డ్రయ్యర్ల పండుకున్నట్టు.

మీకు ఈ లెక్క చెప్పక్కర్లేదు, పక్కన కూసొని చదివేటోళ్లకు చెప్తున్న. సెన్సార్ చూసిన వేడిని కరెంటుగ మార్చి పంపే ట్రాన్స్‌మీటర్ 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల కరెంటు పంపుతది. మా డ్రయ్యర్ల 4 అంటే 0 డిగ్రీలు, 20 అంటే 150. సున్న డిగ్రీలకు సున్న కరెంటే పెట్టొచ్చు గదా, 4 ఎందుకు? వైరు తెగితే తెలువాలని. కరెంటు 3.6 కంటె కిందికి పడ్డదంటే అది చలి కాదు, సెన్సారో వైరో చచ్చిందని పసిగట్టాలె. మా ప్రోగ్రాం పసిగట్టలే. కరెంటు సున్న అయ్యేసరికి అదే గీతను కిందికి గీసుకుంట పోయి మైనస్ 37.5 అని తేల్చింది. తేల్చి ఊకున్నదా? ‘అయ్యో, వడ్లు గడ్డకడుతున్నయి’ అని ఆవిరి వాల్వ్ నూటికి నూరు తెరిచింది. లో అలారం ఉండె గానీ, డ్రయ్యర్ మొదలువెట్టినప్పుడల్ల అది మోగుతదని నేనే నొక్కి నిద్రపుచ్చిన. అది మీ తప్పు కాదు, రాసుకోండి.

టార్చ్ పట్టుకొని పెద్దన్న, నేను కేబుల్ ట్రే వెంబడి పోయినం. జంక్షన్ బాక్స్ కాడ కేబుల్‌కు చెరుకు గడ పొట్టు తీసినట్టు తోలు ఒలిచి ఉన్నది. లోపలి రాగి తెగి తళతళ మెరుస్తున్నది. పక్కన పిడికెడు పొట్టు, నాలుగు నల్లటి పెంటికలు. పెద్దన్న టార్చ్ నా ముఖం మీద వేసి, ‘నీ టీవీల ఎలుకలు లెవ్వా?’ అన్నడు. డ్రయ్యర్ల గింజ అప్పటికే పెళపెళలాడుతున్నది. పొద్దుగాల మర పడితే బియ్యం కంటె నూకను చూసుడే ఎక్కువైంది. సేటు నాతోని రెండు రోజులు మాట్లాడలే. అది నాకు జర సుకంగనే ఉండె, ఆ మాట వేరే.

తెల్లారి పిల్లగానికి ఫోన్ చేసిన. ‘చెక్‌లిస్టుల వైరు తెగే కేసు లేదు సార్’ అన్నడు. చెక్‌లిస్టు ఎవరు రాసిండ్రంటే ‘నేనే.’ ప్రోగ్రాం? ‘నేనే.’ సిమ్యులేటర్ల మిల్లు బొమ్మ? ‘అది గూడ నేనే సార్.’ సారూ, మా పిల్లల బడిల పేపరు ఇచ్చేటోడు, రాసేటోడు, దిద్దేటోడు ఒక్కడే అయితే ఊరంతా ఫస్ట్ క్లాసే. వాని బుర్రల లేని ఎలుక ప్రోగ్రాంల లేదు, చెక్‌లిస్టుల లేదు, మీ దగ్గర గూడ లేదు. పిల్లగాన్ని తిడుతలేను. రాకెట్లు చేసేటోళ్లకే తప్పలే. 1996 జూన్ 4న యూరప్‌వాళ్ల ఏరియాన్ 5 ఎగిరి నిమిషం కాకముందే పేలిపోయింది. దారి చూపెట్టే పెట్టెల నడిచే సాఫ్ట్‌వేర్ పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చింది. ఎగరకముందు సిమ్యులేషన్లు చేసిండ్రు గానీ, అండ్ల అసలు పెట్టెను కూసోబెట్టలే. దాని వేషం వేరే సాఫ్ట్‌వేర్ కట్టింది. వేషగాడు మస్తుగ ఆడిండు.

బాయిలర్ గురించి గూడ ఒక మాట. మీ దగ్గర డ్రమ్ముల నీళ్లు తగ్గితే లెవెల్ తగ్గుతది, పెరిగితే పెరుగుతది, అచ్చం బిందె. బాయిలర్ బిందె కాదు సారూ, పాలగిన్నె. ఆవిరి పట్టే ట్యాంకులు ఒక్కసారి తెరుస్తే ప్రెషర్ దబ్బున పడుతది, నీళ్లల్ల బుడగలు ఉబ్బుతయి, లెవెల్ పైకి పోయినట్టు కనపడుతది. నిజానికి నీళ్లు ఖర్చయితున్నయి. లెవెల్ ఒక్కటే చూసే ప్రోగ్రాం ‘చాలు చాలు’ అని ఫీడ్ వాటర్ తగ్గిస్తది. బుడగలు అణిగినంక చూస్తే గేజ్ గ్లాసుల నీళ్లు అడుగుకు. అట్ల ఒక్క పూటల మూడుసార్లు నీళ్లు తక్కువైనయని బాయిలర్ దానంతటదే ఆగింది, దాన్నే లో లెవెల్ ట్రిప్ అంటం. ఎంత ఆవిరి పోతున్నది, ఎన్ని నీళ్లు వస్తున్నయి అని లెవెల్‌తోపాటు ఆ రెండు గూడ చూసుకునే పద్ధతి ఎప్పటి సందో ఉన్నది. మీకు ఈ పాలపొంగు రాదని అంటలేను, నేర్పితే వస్తది. నేర్పినోడు లేడు. మా బోరు నీళ్ల సంగతి గూడ మీకు చెప్పినోడు లేడు. నల్లగొండ నీళ్లంటే లోకానికి ఫ్లోరైడ్ గుర్తొస్తది గానీ బాయిలర్ పండ్లు లేనిది, దానికి ఫ్లోరైడ్ పట్టదు. దానికి పగ సున్నం. నీళ్లల్ల సున్నం తీసే సాఫ్ట్‌నర్‌ను ఒక్క వారం మరిచిపోతే ట్యూబులకు, లెవెల్ ప్రోబ్‌లకు తెల్లగ పెచ్చులు కడుతది.

ఆవిరి వాల్వ్ దున్నపోతు అని గూడ మీకు తెల్వదు. 42 శాతం అంటే కదలది, 43 అంటే కదలది, 44 అంటే చెవులు ఊపుతది, 46కు ఒక్క ఎగురు ఎగిరి అవతల పడుతది. వాల్వ్‌ను ఎంత తెరువాల్నో లెక్కగట్టే పీఐడీ నంబర్లు మీ దగ్గర కుదిరినయి గానీ, అవే మా దగ్గర డ్రయ్యర్‌ను ఉయ్యాల ఊపినయి.

ఇన్ని తిట్టినంక ఒకటి ఒప్పుకోకపోతే అన్నం అరగదు. నూక గొడవ తర్వాత పిల్లగాడు మిమ్ముల ల్యాప్‌టాప్‌ల పెట్టుకొని మిల్లుకే వచ్చిండు. మూడు రోజులు ఇక్కడనే పన్నడు. పెద్దన్నను పక్కన కూసోబెట్టుకొని ‘ఎట్ల చెడగొట్టాల్నో చెప్పు అన్నా’ అన్నడు. పెద్దన్నకు గంతకంటె ఇష్టమైన పని లోకంల ఇంకోటి లేదు. వైరు తెంపమన్నడు, బెల్టు జారనీయమన్నడు, వాల్వ్‌ను పట్టెయ్యమన్నడు, నీళ్లు బంద్ చెయ్యమన్నడు. మీరు కిక్కురుమనకుంట అన్ని పడ్డరు. బాయిలర్‌ను ఒక్క మధ్యాహ్నంల ఇరవైసార్లు ఎండబెట్టినం, ఒక్క ట్యూబు గూడ కాలలే. అసలు బాయిలర్ మీద ఒక్కసారి చేసినా మేం పేపర్లకు ఎక్కుదుం.

పెద్దన్న ఆఖరుకు ‘కరెంటు తీసి మళ్ల ఇయ్యి’ అన్నడు. గంత సాదా కోరిక ఏందని నేను అనుకున్న. కరెంటు తిరిగొచ్చేసరికి ప్రోగ్రాం పాత హుకుంలన్ని గుర్తుపెట్టుకొని, అన్నిటికంటె ముందు పొయ్యిలకు ఊక వేసే ఫీడర్‌ను మొదలువెట్టింది. పొయ్యిల పొగను బయటికి గుంజే ఐడీ ఫ్యాన్ ఇంకా లేవనేలేదు. మీ దగ్గర అది ఒక ఎర్ర గీత. మా దగ్గర అయితే ఎర్రగ కాగి ఉన్న పొయ్యిల గాలి లేకుంట ఊక కుప్పపడి పొగ నిండుతది, ఫ్యాన్ లేచి గాలి తగలంగనే మంట పొయ్యి తలుపుల నుంచి బయటికి వస్తది. ఆ తలుపు ముందు నిలబడి బూడిద లాగేటోడు పెద్దన్న అల్లుడే. పెద్దన్న ఏం అనలే. లేచి పోయి నీళ్లు తాగొచ్చి, ‘ఇంకోపారి చెయ్యి’ అన్నడు.

కాబట్టి సారూ, మీ మీద కోపం లేదు. మీరు అబద్ధాలు ఆడరు, అడిగినదానికే జవాబు చెప్తరు. మా సేటుకు, ప్యానెల్‌వాళ్లకు, నాకు గూడ టిక్కులు కావాలె, అందుకే టిక్కులు వచ్చే ప్రశ్నలే అడిగినం. మీరు ఎవరి దగ్గరికి పోయినా ఏసీ గదిల మర్యాదలు చేయించుకోకండి, గా ఊరి ఫిట్టర్ ఎవడో వాన్ని పిలిపియ్యమనండి, చాయ్ గ్లాసు చేతుల పెట్టి ‘చెడగొట్టు’ అనమనండి. మీ మెనూల ఎలుక బొమ్మ ఒకటి పెట్టినా పాపం లేదు. సేటు మాత్రం ఇంకా ఆ నాలుగు పేజీల చెక్‌లిస్టును ఫ్రేమ్ కట్టించి లక్ష్మీదేవి పటం పక్కన పెట్టుకున్నడు. నేను ఏం అనలే, జీతం ఇచ్చేటోడు.

ఇట్లు,
మీ సంతకందారు, మిర్యాలగూడ

తాజాకలం: నిన్న రాత్రి మళ్ల వైరు తెగింది, ఈసారి మూడో డ్రయ్యర్‌ది. మైనస్ 37.5 చూపెట్టలే. ‘సెన్సార్ ఫాల్ట్’ అని ఎర్రగ వెలిగింది, ఆవిరి వాల్వ్ దానంతటదే మూసుకున్నది, హారన్ మోగింది. నేను ఉలిక్కిపడి లేచి చూస్తే పెద్దన్న అప్పటికే టార్చ్ పట్టుకొని మెట్ల మీద ఉన్నడు. హారన్ కంటె ముందే ఎట్ల లేచినవన్నా అంటే, ఆవిరి సప్పుడు మారిందన్నడు.