బిల్లు విడమరచి చెప్పాల్సిందే

డిశ్చార్జి మాట పొద్దున్నే చెబుతారు. బిల్లు చేతికొచ్చేసరికి పొద్దుగూకుతుంది. కర్నూలులో ఏ ప్రైవేటు ఆసుపత్రి కౌంటరు దగ్గర చూసినా ఆదోని నుంచో, నంద్యాల నుంచో వచ్చిన కుటుంబాలు సంచులు సర్దుకుని, ఇన్సూరెన్సు అప్రూవల్ కోసం పడిగాపులు పడుతుంటాయి. చివరికి బీమా కంపెనీ ఇంత ఇచ్చింది, మిగతాది కట్టండి అంటారు. ఊరెళ్లే బస్సు తప్పిపోతుందన్న ఆరాటంలో ఆ మిగతాది ఎందుకని అడిగే ఓపిక ఎవరికుంటుంది?

అడగాలి. ఆ బిల్లులో గది అద్దె కాక హౌస్‌కీపింగ్, ఏసీ, ఫైల్ ఓపెనింగ్, పల్స్ ఆక్సీమీటర్ అంటూ వేరువేరు పద్దులు కనిపిస్తాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గది అద్దెలోనే కలిసిపోవాలని చెప్పిన 37 అంశాల్లోనివే ఇవన్నీ. ఆసుపత్రి వాటిని విడిగా వేస్తుంది, కంపెనీ కోస్తుంది, కోసినంతా రోగి జేబులోంచి పోతుంది. ఆసుపత్రిని అడిగితే కంపెనీ ఇవ్వలేదంటుంది, కంపెనీని అడిగితే ఆసుపత్రితో మాట్లాడుకోమంటుంది.

ఇంతకన్నా పెద్ద దెబ్బ గది దగ్గర పడుతుంది. పాలసీలో గది అద్దెకు రోజుకు రూ.3,000 పరిమితి ఉన్నవారు రూ.6,000 గదిలో చేరితే, అద్దెతోపాటు డాక్టరు ఫీజు, థియేటరు చార్జీలు కూడా సగానికి తెగుతాయి. పాలసీలో ఆ షరతు ఉంటే అది నిబంధనే. కానీ మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు, ఐసీయూ చార్జీలకు గది అద్దె నిష్పత్తిలో వేసే ఆ దామాషా కోత వర్తించదు. మొత్తం బిల్లు మీద సగం కోస్తే అది తప్పుడు లెక్క. ఐటమ్ వారీ బిల్లు చేతిలో లేనివారు దాన్ని ఎలా పట్టుకుంటారు? గది ఇచ్చేటప్పుడే ఈ పరిమితి సంగతి చెప్పడం ఇన్సూరెన్సు డెస్కుకు నిమిషం పని. అది కూడా చెప్పకపోవడాన్ని చిన్న పొరపాటుగా మేం చూడలేం.

వివరమైన బిల్లు రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. డిశ్చార్జి అయ్యాక 72 గంటల్లో కేస్‌షీటు నకళ్లు ఇవ్వాలనీ అందులో ఉంది. స్టెంటు వేస్తే దాని బ్రాండు, తయారీ కంపెనీ, బ్యాచ్ నంబరు, ధర బిల్లులో విడిగా ఉండాలని 2017 నుంచి కేంద్రం ఆదేశం. డిశ్చార్జికి బీమా కంపెనీ మూడు గంటల్లో అనుమతి తేల్చాలని, ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే ఆ భారం కంపెనీదేనని 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ చెప్పింది. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి ఈ మాట చెప్పేవారే లేరు.

కోత మీద ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చినా న్యాయంగా లేకపోతే, ఏడాదిలోగా బీమా ఫిర్యాదులు విచారించి తీర్పు చెప్పే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆసుపత్రి అన్యాయంగా వసూలు చేసిందనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవారి దగ్గర డబ్బు అడిగితే, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫోన్ చేయాలి.

అయినా, అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించుకున్న పత్తి రైతు పాలసీ కాగితాలు చదివి, అర్జీ రాసి ఇవన్నీ తిరగగలడా? తిరగలేడన్న ధీమా మీదే ఈ వసూళ్లు సాగుతున్నాయి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆసుపత్రి బిల్లులకు ఒక బల్ల కేటాయించాలి. జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి ఒకరు, బీమా లెక్కలు తెలిసినవారు ఒకరు అక్కడ కూర్చుని బిల్లు పద్దు పద్దుగా చదివి చెప్పాలి, అక్కడికక్కడే అర్జీ రాసివ్వాలి. ఆసుపత్రులు కూడా డబ్బు కట్టించుకునే ముందు, డిశ్చార్జికి ముందురోజు సాయంత్రానికే, పూర్తి వివరాల బిల్లు కుటుంబం చేతిలో పెట్టాలి. జిల్లా యంత్రాంగం ఆ మేరకు వెంటనే ఆదేశాలివ్వాలని కోరుతున్నాం.