తండ్రి సంతకం గడికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'తండ్రి/సంరక్షకుని సంతకం' గడి గారికి,

అనంతపురంలో కాలేజీ పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టేవాళ్లం రాయునదేమనగా...

మూడో ఏడాదిలో నాయన డబ్బులు ఆపేసిన పిల్ల ఏ ఫారం తెచ్చినా, అడుగున తమరే దర్జాగా కూర్చుని ఉంటారు. ఆదాయ పత్రంలో ఇంటి మొత్తం రాబడి లెక్కే. ఆయన జీతంతో ఏడాదికి 2.5 లక్షలు దాటిందా, ఫీజు రీయింబర్స్‌మెంటుకు దండం. జీతం లెక్కలోకి వస్తుంది, చేతిలోకి రాదు. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) వారి స్వనాథ్ స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000 ఇస్తుంది గానీ, అది ముఖ్యంగా అనాథలకు. బతికుండీ ఫోనెత్తని నాయన ఏ పథకంలోనూ ఇమడడు.

చదువు అప్పు 4 లక్షల దాకా తాకట్టు అడక్కూడదు. అయినా సహ దరఖాస్తుదారు పేరుతో తమరు తయారు! పోనీ ఆయన కాళ్లావేళ్లా పడి సంతకం పెట్టించినా, పాత శెనక్కాయ పంట అప్పు మొండిబకాయి పడుంటే సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరుకు వేసే మార్కులు) చూసి మేనేజరు కాగితాలు వెనక్కి తోస్తాడు.

తమ పేరులో గీత అవతల 'సంరక్షకుడు' అని ఉంది కదా, మా పనంతా అక్కడే. అమ్మ గానీ, జీతం స్లిప్పు ఉన్న మేనమామ గానీ ముందుకొస్తే బ్యాంకుతో మాట్లాడొచ్చు. 4 లక్షల లోపే అడగమంటాం. దాటితే 5 శాతం సొంత డబ్బు చూపాలి, మూడో మనిషి జామీనూ అడగొచ్చు. పాసైన మార్కుల మెమోలు, బోనఫైడు, మిగిలిన సెమిస్టర్ల ఫీజు వివరం కాలేజీ లెటర్‌హెడ్ మీద తేవాలి. ఫీజు కట్టేసిన ఏళ్లు కూడా కలిపి రాయించుకొస్తే కొర్రీ ఖాయం. హాస్టలు, పరీక్ష ఫీజు, పుస్తకాలు అప్పుడే రాయించాలి. చదువయ్యాక ఏడాది దాకా కంతులుండవు, వడ్డీ మాత్రం అప్పు తీసుకున్ననాటి నుంచే పాకుతుంటుంది. "తర్వాత రామ్మా" అంటే లేచి రాకుండా, కాదన్న కారణం కాగితం మీద అడగాలి.

పెళ్లికాని ఆడపిల్ల, హిందువైతే, తన ఖర్చు తాను భరించలేనప్పుడు 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షను కింద నాయన్ను కోర్టుకు పిలిపించొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు వకీలు ఉచితం, ఆదాయం చూడరు. కేసు తేలేలోపు పట్టా చేతికొచ్చేస్తుందనుకోండి, అందుకే కేసు నడుస్తుండగానే ఇప్పించే మధ్యంతర భృతి కూడా అడగమని వకీలుకు చెప్పాలి. పద్దెనిమిది దాటిన మగపిల్లాడికి ఆ చట్టంలో చోటు లేదు, వాడు మేనమామ ఇంటికే పోవాలి.

తమరిని లేచిపొమ్మనడం లేదు. కాస్త పక్కకు జరిగి, 'ఉన్నాడు, కట్టడు' అని టిక్కు పెట్టుకునేంత చోటు ఇప్పించగలరు.

ఇట్లు,
తమ విధేయులు