బావగారి సెలెక్షన్ కమిటీ

మెల్‌బోర్న్‌లో మార్చి నుంచి ఆగస్టు నెలాఖరు దాకా, గురువారం సాయంత్రం అయ్యేసరికి మా బావగారికి అన్నం సహించదు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ జట్లు వారాంతపు మ్యాచ్‌లకు తమ ఆటగాళ్ళ పేర్లను బయటపెట్టడం మొదలుపెట్టేది ఆ వేళకే. మైదానంలో 18 మంది, బెంచీ మీద ఐదుగురు, వెరసి 23 మంది. ఈ 23 మందిని ఎంచడానికి ఎసెండన్ క్లబ్బు ఒక హెడ్ కోచ్‌నూ, ఆయనకింద అరడజను మంది సహాయకులనూ జీతాలిచ్చి పోషిస్తూ, అదే ఊళ్ళో టార్నీట్ పేటలో ఉచితంగా దొరికే తనను మాత్రం ఒక్క మాటైనా అడగకపోవడం ఆయనకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఎసెండన్‌కూ ఆయనకూ ముడి పడిన వైనం కొంత చెప్పాలి. చదువుకోసం 2008లో విమానం దిగిన బావగారు, అద్దె వారానికి ఇరవై డాలర్లు తక్కువని ఎసెండన్ పేటలో ఒక గది తీసుకున్నారు. ఉన్న పేట జట్టును కాదని పరాయి పేట జట్టును నెత్తికెత్తుకోవడం తెనాలివాళ్ళకు మర్యాద కాదని ఆయన నమ్మకం. పైగా ఆ ఇంటాయన, ఈ జట్టు 16 సార్లు ఛాంపియన్ అయిందనీ, 2000లోనైతే సీజన్ మొత్తం మీద ఒకే ఒక్క మ్యాచ్ ఓడి కప్పు ఎత్తుకుపోయిందనీ పూసగుచ్చినట్టు చెప్పాడు. అన్నీ నిజాలే. సీజన్ చివర పైజట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీల్లో, అంటే ఫైనల్స్‌లో, ఆ జట్టు చివరిసారి గెలిచింది 2004లో అన్న నిజం ఒక్కటి మాత్రం ఆయన చెప్పలేదు. అద్దె అడ్వాన్సు చేతిలో పడకముందు ఏ ఇంటి యజమాని మాత్రం అన్నీ చెబుతాడు? ఆ తర్వాత 2009, 2011, 2014, 2017, 2019, 2021ల్లో ఎసెండన్ ఫైనల్స్‌కు చేరడమూ, మొదటి మ్యాచ్‌లోనే మూట కట్టుకుని ఇంటికి రావడమూ బావగారు కళ్ళారా చూశారు. ఆయన ఈ ఊరు వచ్చాక హాథార్న్ నాలుగు కప్పులు గెలిచింది. రిచ్‌మండ్ మూడు, జీలాంగ్ మూడు. ఈ లెక్క అప్పుడప్పుడు మా అక్క వంటింట్లోంచి అప్పజెబుతూ, ఆ వారం వారం ఇరవై డాలర్లతో మనం ఏం మేడలు కట్టామండీ అని అడుగుతుంది.

ఇక ఆటగాళ్ళ ఎంపిక మీద బావగారి సిద్ధాంతం. జట్టులో లేనివాడే జట్టులో ఉండవలసినవాడు. రిజర్వు జట్టులో ఒక కుర్రాడు నాలుగు గోల్స్ కొట్టాడని తెలిస్తే, వాణ్ణి తీసుకోనందుకు కోచ్‌ను బుధవారం దాకా దుమ్మెత్తిపోస్తారు. గురువారం వాడి పేరు జట్టులో కనబడగానే, ఇంత పసివాణ్ణి పులుల మధ్యకు తోస్తారా, అనుభవజ్ఞులు ఏమైపోయారు అంటారు. అనుభవజ్ఞుణ్ణి తీసుకుంటే వాడి వయసు, మోకాళ్ళ చరిత్ర, ఏ సంవత్సరం ఏ మ్యాచ్‌లో గోల్ ఎదుట నిలబడి బంతిని పక్క స్తంభం అవతలికి తన్నాడో ఆ వృత్తాంతం అంతా బయటికి తీస్తారు. పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చిన సంబంధాలకు మా తాతమ్మ వంకలు పెట్టినట్టు ఆయన ఆ జాబితాకు వంకలు పెడతారు. నిష్పాక్షికంగా చెప్పాలంటే, ఆయన మాటలో కొంత సత్యం లేకపోలేదు: ఎవరి ఫామ్ ఎప్పుడు పోయిందో జట్టు యాజమాన్యానికంటే రెండు వారాల ముందే ఆయనకు తెలుస్తుంది. కాకపోతే, ప్రతివాడి ఫామూ పోయిందని ప్రతి వారమూ చెప్పేవాడికి అది పెద్ద విద్య కాదు.

2025 ఆయన్ను మరీ మోసం చేసింది. మే నెలలో రిచ్‌మండ్‌ను ఓడించేసరికి ఎసెండన్ పది మ్యాచ్‌లలో ఆరు గెలిచింది. బావగారు సెప్టెంబరులో ఫైనల్స్ కోసం ఆఫీసులో సెలవు పెట్టేశారు. అప్పటికే గాయాల పర్వం మొదలైంది. మైదానం మధ్యలో అంపైరు బంతిని పైకి లేపినప్పుడు దానికోసం ఎగిరే పొడుగువాణ్ణి రక్‌మన్ అంటారు. ఆ పనికి ఉన్న ఇద్దరు యువకుల్లో బ్రయన్‌కు మోకాలి లిగమెంట్ తెగింది, డ్రేపర్‌కు మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగింది. దాంతో భారం, 37వ పుట్టినరోజుకు దగ్గరలో ఉన్న గోల్డ్‌స్టీన్ మీద పడింది. ఒకరి తర్వాత ఒకరు మంచం పడుతూంటే పదిమందికి పైగా కొత్త కుర్రాళ్ళు ఆ ఒక్క సీజన్లోనే తొలి మ్యాచ్ ఆడారు. కోరుకున్న కుర్రాళ్ళందరూ ఒకేసారి జట్టులోకి వచ్చేసరికి బావగారికి తిట్టడానికి బయట ఎవరూ మిగలక, జీవితంలో మొదటిసారి ఆరోగ్యవంతులను తిట్టడం ప్రారంభించారు. రిచ్‌మండ్ మీద గెలిచాక జట్టు మళ్ళీ గెలవలేదు. సీజన్ ముగిసేలోగా వరసగా 13 మ్యాచ్‌లు ఓడింది.

ఆ 13 ఓటముల నడుమ ఒక చలికాలపు ఆదివారం మధ్యాహ్నం, తెనాలి నుంచి వచ్చి ఉన్న బావగారి తల్లి, మా అత్తయ్యగారు, సత్యనారాయణ వ్రతం తలపెట్టారు. మ్యాచ్ కూడా సరిగ్గా అదే వేళకు. ముహూర్తాన్ని గంటన్నర వెనక్కి జరపడానికి బావగారు పంచాంగం దాకా వెళ్ళారు గాని, అత్తయ్యగారి ముందు ఆ పప్పులు ఉడకలేదు. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌ను అక్క స్వయంగా ఊడబీకి పోపులపెట్టెలో దాచింది. చివరికి కుదిరిన ఒప్పందం ప్రకారం, నేను పళ్ళబుట్ట వెనక ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. గోల్ పడితే ఆరు పాయింట్లు గనుక గుప్పిట పైకెత్తాలి. పొడుగు స్తంభాల పక్కనుంచి పోతే ఒకే పాయింటు గనుక చిటికెన వేలు చూపాలి. మనవాళ్ళకు కుడిచెయ్యి, అవతలివాళ్ళకు ఎడమచెయ్యి. గణపతి పూజ పూర్తయ్యేసరికి నా ఎడమభుజం పీకడం మొదలైంది. కుడిచెయ్యి తీరికగా ద్రాక్షపళ్ళు తింటూ ఉంది.

ప్రమాదం అసలు ఉత్తరీయంతో వచ్చింది. లాల్చీ తీసి ఉత్తరీయం వేసుకోండి అన్నారు పంతులుగారు. చలిగా ఉందండీ అన్నారు బావగారు. హీటరు ఇరవై ఆరు డిగ్రీల మీద ఉందండీ అన్నారు పంతులుగారు, తన నుదుటి చెమట తుడుచుకుంటూ. బావగారు జలుబన్నారు, భుజం పట్టేసిందన్నారు, బొత్తాలు రావడం లేదన్నారు. వ్రతం ముందు ఈ నసుగుడేమిట్రా అని అత్తయ్యగారు లేచి స్వయంగా లాల్చీ పైకి లాగారు. లోపల, చేతులు లేని నల్లటి ఎసెండన్ జెర్సీ, దాని మీద భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా ఎర్రటి పట్టీ. యజ్ఞోపవీతం సరిగ్గా ఆ పట్టీ పక్కనే పోతూ ఉంది.

హాల్లో ఉన్న ముప్ఫైమంది ఒక్కసారిగా మాటలు ఆపేశారు. "వ్రతానికి నలుపా! ఒరేయ్, పీటల మీద నలుపా!" అని అత్తయ్యగారు లాల్చీని చేతిలో అలాగే పట్టుకుని కూలబడ్డారు. రిచ్‌మండ్ మీద గెలిచిన రోజున వేసుకున్న జెర్సీ ఇదేననీ, సెంటిమెంటు కొద్దీ ప్రతి మ్యాచ్‌కూ దీన్నే వేసుకుంటున్నాననీ బావగారు గొణిగారు. అప్పటినుంచి ఉతికారా అని అక్క అడిగిన ప్రశ్నకు ఆయన దేవుడి పటం వైపు చూశారు.

పంతులుగారు మాత్రం ఆ జెర్సీని తదేకంగా చూస్తూ ఉండిపోయారు. వారమంతా ఒక గిడ్డంగిలో షిఫ్టు సూపర్‌వైజరుగా పనిచేసి, వారాంతాల్లో పౌరోహిత్యం చేసే ఆయన కూడా ఈ ఊళ్ళో పదిహేనేళ్ళ పైబడి ఉన్నవారే. "ఎసెండనా?" అన్నారు చాలా మెల్లగా. "మేం కార్ల్‌టన్." కార్ల్‌టన్ అంటే అదీ 16 సార్ల ఛాంపియనే, చివరి కప్పు 1995లో. చావు ఇంట్లో ఇద్దరు దూరపు బంధువులు కలుసుకున్నట్టయింది అనబోయి శుభకార్యమని ఊరుకున్నాను. ఆయన ఉద్ధరిణె పళ్ళెంలో పెట్టి, "అది సరేనండీ, రక్‌లో ఎవర్ని పెట్టారు ఇవాళ?" అన్నారు.

ఆ ప్రశ్నకోసం పన్నెండు వారాలుగా ఎదురుచూస్తున్న మనిషి ఆగుతాడా? ఆచమనానికి కుడి అరచేతిలో పోసుకున్న నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి పసుపు గణపతి మీద బొట్లుబొట్లుగా కారుతూ ఉండగానే బావగారు రక్ సమస్యతో మొదలుపెట్టి, డిఫెన్స్ మీదుగా ఫార్వర్డ్ లైన్‌లోకి వచ్చారు. అక్కడ మాటలు చాలలేదు. ఎదురుగా బియ్యం మీద నవగ్రహాలు కొలువై ఉన్నాయి. తమలపాకు మీద వక్క, పక్కన ఖర్జూరం, వరసకు మూడేసి చొప్పున మూడు వరసలు. ఎసెండన్ జట్టును కాగితం మీద రాసినా వరసకు ముగ్గురే. అందువల్ల ఆయనకు అది సగం మైదానంగా కనిపించింది. "ఇదిగో చూడండి, నట్టనడుమ వీడు, కాడీ," అని సూర్యభగవానుణ్ణి చూపించారు. "వీణ్ణి ఇక్కడే పాతుకుపోనివ్వాలి, బంతి గాల్లో వస్తే ఎగిరి పట్టేవాడు వీడొక్కడే. ఇక ఈ పక్కవాడు అడ్డంగా నిలబడి వాడికి దారి ఇవ్వడం లేదు. వీణ్ణి ఇక్కణ్ణించి తీసి ఇలా వెనక్కి పంపారనుకోండి..." అంటూ శనిని తమలపాకుతో సహా ఎత్తి బృహస్పతి స్థానంలో పెట్టారు.

పంతులుగారు వారించి ఉండవలసింది. ఆయన ముందుకు వంగి, "వెనక్కి వద్దండీ, వేగం లేదు కదా, బెంచీ మీద కూచోబెట్టండి," అని శనిని మళ్ళీ ఎత్తి పీట కింద పెట్టి, ఖాళీ అయిన చోటికి కేతువును జరిపారు. కాకో అనే చిన్న ఫార్వర్డుకు చురుకుతనం ఉందని ఇద్దరూ ఒప్పుకుని బుధుణ్ణి గోల్ ముందుకు తెచ్చారు. గ్రహాలను అంత స్వతంత్రంగా నడిపించిన సెలెక్షన్ కమిటీని నేను ఎక్కడా చూడలేదు. అత్తయ్యగారికి నోట మాట రాలేదు, వచ్చాక ఆగలేదు. శనిని పీట కింద పెట్టినవాళ్ళకు ఏమవుతుందో ఆవిడ ఇద్దరికీ గోత్రనామాలతో సహా చెప్పారు. అదే సమయానికి నేను విధి నిర్వహణలో భాగంగా ఎడమగుప్పిట పైకెత్తవలసి వచ్చింది. అది తనను బెదిరించడమేనని భావించిన ఆవిడ, నా ఫోను లాక్కుని ఆ రోజంతా తన పట్టుచీర కుచ్చిళ్ళలో దోపుకున్నారు.

జెర్సీ వాషింగ్ మెషీన్‌లోకి వెళ్ళింది. నవగ్రహాలు పూర్వ స్థానాలకు చేరాయి. గ్రహం గ్రహానికీ పంతులుగారు వేరువేరుగా క్షమాపణ మంత్రం చెప్పి, మళ్ళీ సంకల్పం నుంచి మొదలుపెట్టారు. మొదటి కథ నడుస్తూండగా బావగారు కనుబొమలతో స్కోరు అడిగారు గాని, ఫోను ఉన్న చోటు తెలిశాక ఇంకేమీ అడగలేదు. ఆ మ్యాచ్ ఏమైందో ప్రసాదం పంచుతూ అతిథుల్లో ఒకాయన చెప్పారు. పంచిన ప్రసాదం బాగుందని మాత్రం అందరూ అన్నారు.

ఆ వ్రతానికి ఒక ఫలితమైతే దక్కింది: అత్తయ్యగారు ఎసెండన్ వ్యవహారాలను స్వయంగా పర్యవేక్షించడం మొదలుపెట్టారు. తెనాలికి తిరిగి వెళ్ళాక కూడా వారానికోసారి ఫోను చేసి, ఆ పెద్దాయన గోల్డ్‌స్టీన్‌ను ఇంకా ఎందుకు పరుగెత్తిస్తున్నారనీ, అప్పటి కెప్టెన్ మెరెట్ సరిగా తింటున్నాడా లేదా అనీ అడిగేవారు. మిగతా జట్లన్నిటి లీగ్ మ్యాచ్‌లూ అయిపోయాక, ఆగస్టు చివరలో ఒక బుధవారం రాత్రి ఆవిడ ఫోను చేసే వేళకు బావగారు టీవీ ముందు తల పట్టుకుని ఉన్నారు. గోల్డ్‌కోస్ట్‌లో ఎసెండన్‌కు ఇంకా ఒక మ్యాచ్ మిగిలి ఉంది. 2011లో లీగ్‌లోకి వచ్చిన ఆ గోల్డ్‌కోస్ట్ జట్టు, ఎసెండన్‌ను చావగొట్టి, తన చరిత్రలో మొదటిసారి ఫైనల్స్‌కు చేరుతూ ఉంది.

"బుధవారం ఆటేమిట్రా?" అన్నారు అత్తయ్యగారు.

మార్చిలో ఆల్ఫ్రెడ్ అనే తుపాను ఆ తీరం మీదికి రావడంతో అప్పటి మ్యాచ్ వాయిదా పడిందనీ, దాన్నే ఇప్పుడు ఆడుతున్నారనీ బావగారు నీరసంగా వివరించారు. దివిసీమ ఉప్పెన చూసిన మనిషి కాబట్టి ఆవిడ అంతా ఓపిగ్గా విన్నారు.

"మార్చిలో తుపాను వస్తే ఆగస్టులో మునగడమేమిట్రా?" అన్నారు.