కరెంటు స్తంభం మీది పోస్టరు గారికి

మహారాజశ్రీ పోస్టరు గారికి,

మా సందు మొదట్లో, వైన్ షాపుకి సరిగ్గా ఎదురుగా, ట్రాన్స్‌ఫార్మర్ పక్క స్తంభం మీద వెలసిన తమకు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని పాల ప్యాకెట్టుకి వెళ్తూ రోజూ చూస్తూనే ఉన్నాను. పైన "మొలలకు ఆపరేషన్ లేకుండా చికిత్స", కింద "ఇల్లు అద్దెకు ఇవ్వబడును, శాకాహారులకు మాత్రమే", మధ్యలో పసుపు కాగితం మీద ఎర్ర అక్షరాలతో మీరు. "తాగుడు మాన్పించబడును. తాగేవారికి తెలియకుండానే! ఫలితం లేకపోతే డబ్బు వాపసు." ఆ కింద ఒక సెల్ నంబరు. పేరు లేదు, చిరునామా లేదు, చదివిన చదువు లేదు. దేవుడికి కూడా ఇంత గుట్టుగా ఉండే వీలు లేదు. గుడి బయట కనీసం ధర్మకర్తల పేర్లయినా రాసి ఉంటాయి.

తిట్టడానికి రాస్తున్నానని అనుకోకండి. ముందు అభినందనే. తాగుడు గురించి ఇంట్లో ఆడవాళ్లకి అర్థమయ్యే తెలుగులో మాట్లాడుతున్నది మా ఊళ్లో మీరొక్కరే.

మా పిన్ని సంగతే తీసుకోండి. ఏడో తరగతి దాకా చదివింది. బాబాయి రైసు మిల్లులో గుమాస్తా. సాయంత్రం ఒక క్వార్టర్‌తో మొదలుపెట్టినవాడు, పొద్దున్నే చేతుల వణుకు తగ్గడానికి ఇంకో క్వార్టర్ వేసే దాకా వచ్చాడు. పిన్ని చెయ్యని ప్రయత్నం లేదు. పిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించింది. అయ్యప్ప మాల వేయించింది. నలభై ఒక్క రోజులు ఆయన స్వామి, నలభై రెండో రోజు మళ్లీ మా బాబాయే. మాల వేసుకున్న మూడో రోజు రాత్రి ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చెయ్యి చూపిస్తూ అరిస్తే, స్వామి ఒంటి మీదికి వచ్చాడని వీధి వీధంతా దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆ తర్వాతే పిన్ని కంట మీరు పడ్డారు. పక్కనున్న కిరాణా కొట్లో పెన్ను అడిగి మీ నంబరు అరచేతిలో రాసుకుంది. రెండో రింగుకే ఫోను ఎత్తారు. "అమ్మా, మీరేం బాధపడకండి, మేమున్నాం కదా" అంది అవతలి గొంతు. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆవిడతో ఆ మాట అన్న మొదటి మగవాడు మీ ఏజెంటే. ఆ ఒక్క మాటకే మూడు వేల అయిదొందలు ఇవ్వచ్చు. ఇచ్చింది కూడా.

వచ్చింది పొడి. పేరు అచ్చు వెయ్యని ప్లాస్టిక్ పొట్లం. రోజూ రాత్రి చారులో పావు చెంచా కలపాలి. ఇక్కడ మన భాషని కూడా మెచ్చుకోవాలి, పోస్టరు గారూ. తాగేదీ మందే, మాన్పించేదీ మందే. "ఆయన చేత మందు మాన్పించడానికి మందు పెడుతున్నానత్తయ్యా" అని పిన్ని చెబితే, మా నాయనమ్మ చివరి ముక్క మాత్రమే విని, "నా కొడుక్కి మందు పెట్టావుటే!" అని శోకాలు మొదలుపెట్టింది. అందరం నవ్వాం. తీరా చూస్తే సరిగ్గా అర్థం చేసుకున్నది ఆవిడొక్కతే.

పదో రోజు రాత్రి బాబాయి ఎప్పటిలాగే వేసుకొచ్చి, చారన్నం తిని, అరగంట తిరక్కుండా ముఖం కుంకుమలా ఎర్రబడి, వాంతులు చేసుకుని, గుండె దడదడా కొట్టుకుంటూ కళ్లు తేలేశాడు. ఆటోలో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "ఎందులో కలిపారు?" చారులో అని పిన్ని ఏడుస్తూ చెప్పింది. డాక్టరమ్మ పొట్లాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇందులో ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అమ్మినవాడికి తెలిస్తే గొప్పే" అంది.

అసలు మాత్ర ఒకటుందట. దాని పేరు డైసల్ఫిరమ్. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అందుకని గుండె, లివరు ఎలా ఉన్నాయో చూసుకుని, తాగడం ఆపిన తర్వాత, ఆ మనిషికి అన్నీ విడమరిచి చెప్పి, సరేనంటేనే ఇస్తారు. అంటే మీరు అందరికంటే పెద్ద అక్షరాల్లో వేసుకున్న "తెలియకుండానే" అన్న మాటే ఈ వైద్యంలో చెయ్యకూడని పని. అచ్చుకి ఇచ్చినవాడు ఆ మాటని ఎరుపులో ఎందుకు వేయించాడో అప్పుడు అర్థమైంది. ప్రమాదానికి ఆ రంగే వాడతారు కదా!

డబ్బు వాపసు కోసం మీ నంబరుకి మళ్లీ చేశాం. "ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులూ తాగలేదు కదమ్మా, ఫలితం వచ్చినట్టే" అంది అదే గొంతు.

అప్పుడు నేను ప్రభుత్వాన్ని వెతకడం మొదలుపెట్టాను. ప్రభుత్వం దగ్గర ఏమీ లేదని అబద్ధం ఆడను. ఉంది, ఉచితంగానే ఉంది. కానీ దాని పేర్లు చిత్తగించండి. ప్రభుత్వాసుపత్రుల్లో నడిచేదాన్ని ఏటీఎఫ్ అంటారు. కేంద్రం నిధులిస్తే స్వచ్ఛంద సంస్థలు మంచాలు వేసి నడిపేది ఐఆర్‌సీఏ. ఇవి కాక ఓడీఐసీ, సీపీఎల్ఐ అని మరో రెండు. ఐఆర్‌సీఏతో ఈ రెండూ కలిసి ఒకే కప్పు కిందికొస్తే దాన్ని డీడీఏసీ అనాలి. పిన్నికి చదివి వినిపిస్తే, "ఇవన్నీ కొత్త బ్రాండ్లట్రా?" అంది.

పోనీ తెలుగులో బోర్డు పెడితే ఎలా పెడతాం? "మాదకద్రవ్య వ్యసన విముక్తి కేంద్రం." మాదకద్రవ్యం అంటే పిన్ని లెక్కలో సినిమా విలన్ బ్రీఫ్‌కేసులో ఉండే తెల్లపొడి. తన మొగుడు తాగేది ప్రభుత్వం హోలోగ్రామ్ వేసి పన్ను కట్టించుకుని అమ్మే సరుకు. ఆ బోర్డున్న గదిలోకి ఆవిడ ఎందుకు వెళ్తుంది? ఆ బోర్డు రాసినవాళ్లకి మీ శిష్యరికం ఒక్క వారం చాలు. "తాగుడు మాన్పించబడును." మూడో తరగతి పిల్లాడు కూడా చదువుతాడు.

నంబర్ల సంగతి మరీ సరదా. 14446 అనేది తాగుడు, మత్తు అలవాట్ల నుంచి బయటపడాలనుకునేవాళ్లకి కేంద్ర సామాజిక న్యాయ శాఖ పెట్టిన టోల్ ఫ్రీ. 14416 అనేది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న మొదలైంది, మనసు బాగాలేనివాళ్లెవరైనా ఏ వేళకైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదానికి చేయబోయి ఇంకోదానికి చేసినా మునిగిపోయేదేం లేదు. చిక్కల్లా మిగతా రెండింటితో. ఆంధ్రలో 1972, తెలంగాణలో 1908. అవి గంజాయి, డ్రగ్స్ గురించి పోలీసులకి ఉప్పందించడానికి. మా పక్కింటావిడ కొడుకు ఇంటర్ రెండో సంవత్సరంలో గంజాయికి అలవాటుపడ్డాడు. ఆవిడ ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజిలోంచి అన్ని నంబర్లూ కాలెండరు వెనక రాసుకుంది. ఏది నొక్కితే డాక్టరు వస్తాడో, ఏది నొక్కితే జీపు వస్తుందో తెలియక టెన్షన్‌తో ఒక్కటీ నొక్కలేదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే, అంటే మత్తుమందుల మీది చట్టంలోనే, 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. సొంతంగా వాడినందుకో, కొద్ది పరిమాణంలో దొరికినందుకో కేసులో పడ్డ అలవాటుపడిన మనిషి, తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకి ముందుకొచ్చి, చేయించుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంటుందని. ఇంత మంచి కబురు ఏ స్తంభం మీదైనా మీరు చూశారా? నేనైతే చూడలేదు.

ఎయిమ్స్ వాళ్లు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో బయటికొచ్చింది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకం చికిత్స అందిందట. ఆసుపత్రిలో చేరి చేయించుకున్నది 180 మందికి ఒకరు. మిగతా 37 మంది ఎటు వెళ్లారో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ స్వామి మహిమ గురించి. ఏళ్ల తరబడి పొద్దున్నే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే, రెండు మూడు రోజులకు ఒళ్లు వణికి, చెమటలు పట్టి, లేనివి కనిపించి, ఒక్కోసారి ఫిట్స్ వచ్చి ప్రాణం పోయే ప్రమాదం ఉందట. డెలీరియం ట్రెమెన్స్ అంటారు. గోడ మీద పురుగులు అదే. మేం కర్పూరం వెలిగించిన రోజున అంబులెన్సు పిలవాల్సింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులూ కల్లు కాంపౌండ్లూ ఒక్కసారిగా మూసేస్తే, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు ఇలాంటివాళ్లే వరస కట్టారు. మానాలంటే గట్టి మనసు ఉంటే చాలు అనే పెద్దమనుషులు ఆ వరస ఒక్కసారి చూసి ఉండాల్సింది. వారం పది రోజులు మోతాదు తగ్గించుకుంటూ ఇచ్చే మాత్రలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు, దగ్గర కనిపెట్టుకుని ఉండే నర్సు. ఇంత చిన్న సరంజామా. అందులో రహస్యం ఏమీ లేకపోవడమే మీ ముందు దాని లోపం.

మన రాజకీయానికి దుకాణం తలుపు తప్ప ఇంకేం కనబడదనుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్లు, సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరులో సారా పోయింది. 1995లో మొత్తం మద్యం పోయింది. 1997లో తిరిగొచ్చింది. మూసినప్పుడు మానలేని మగవాడి ఇంటి ఇల్లాలు, తెరిచినప్పుడు మళ్లీ మొదలెట్టినవాడి ఇల్లాలు, ఇద్దరూ మీకు బేరమే. ఏ ప్రభుత్వం వచ్చినా నష్టం రాని వ్యాపారం రాష్ట్రంలో మీదొక్కటే.

మీ తమ్ముళ్లు కొందరు ఇప్పుడు "రీహాబ్" అని బోర్డు కట్టి, కిటికీలకి ఊచలు బిగించి, మనిషిని రాత్రికి రాత్రి వ్యానులో ఎత్తుకుపోతున్నారట. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అలాంటి చోటికి రిజిస్ట్రేషన్ ఉండాలి, మనిషిని గొలుసులతో కట్టకూడదు. వాళ్లకి చెప్పండి. పెద్దవారు, మీ మాట వింటారు.

మా బాబాయి సంగతి అడిగారు కాదు గానీ చెబుతాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నేను 14446కి ఫోను చేశాను. ఎన్నాళ్లుగా, ఎంత, పొద్దున్న వణుకు ఉంటుందా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అడిగి, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెప్పారు. పదిహేను రోజులకోసారి వెళ్తున్నాడు. అక్కడ ఓపీ చీటీ గదికీ డాక్టరు గదికీ మధ్య దూరం ఓ చిన్న తీర్థయాత్ర. ఒక పెళ్లిలో జారాడు. మళ్లీ వెళ్లాడు. ఆదివారాలు ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల మీటింగుకి వెళ్తున్నాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు చెప్పుకోవడంతో మొదలైనది, మన దేశానికి 1957లో వచ్చింది. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. గ్యారంటీ కూడా ఇవ్వరు. మీకు నచ్చని సంస్థే.

అందుకని ఒక విన్నపం. మీకు ఊళ్లో చాలా స్తంభాలున్నాయి. వైన్ షాపు ఎదురుగా ఉన్న ఈ ఒక్కటీ మాకు వదిలిపెట్టండి. మీ పసుపు కాగితమే, మీ ఎర్ర సిరానే, మీ మైదా జిగురే అప్పివ్వండి. మాటలు కూడా మీవే వాడుకుంటాం. "తాగుడు మాన్పించబడును. తాగేవారికి చెప్పే! డబ్బు అక్కర్లేదు. 14446."

ఇట్లు,
ఇప్పటికీ చారు గిన్నె వాసన చూడందే గరిటె ముంచనివ్వని బాబాయి గారి అన్నకొడుకు

తా.క.: మొన్నటి వానకి మీ ఎడమ అంచు ఊడింది. నేను పీకలేదు, ఒట్టు. నిన్న ఒక మేక వచ్చి మైదా రుచికి కొంత నమిలేసింది. మీ కింద ఇంకో పాత కాగితం ఉంది. జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం ర్యాలీనాడు అంటించినదనుకుంటాను. "14" దాకా కనిపిస్తోంది, మిగతా అంకెలు ఇంకా మీ కిందే ఉన్నాయి. ఆ మేక ఎవరిదో పిన్ని వాకబు చేస్తోంది.